పెరటి కోళ్ళకు నట్టల బెడద: కోడికి మందు పోస్తే చాలదు, నేలకూ వైద్యం కావాలి

గచ్చిబౌలి: పెట్ట రోజూ మేత తింటుంది. పొద్దంతా పెంటకుప్ప గీరుతూనే ఉంటుంది. అయినా చేతిలోకి తీసుకుంటే బరువుండదు. రొమ్ము ఎముక కత్తి అంచులా వేళ్ళకు తగులుతుంది. ఎర్రగా ఉండవలసిన తురాయి పాలిపోయి ఉంటుంది. రెక్కలు వేలాడేసుకుని గోడ నీడన నిలబడుతుంది. గుడ్లు పెట్టడం మానేసి నెల దాటి ఉంటుంది. ఇంటివారు దిష్టి తగిలిందంటారు. ఇరుగుపొరుగువారు మేత చాలలేదంటారు. కోడి కడుపులో ఏమున్నదో మాత్రం ఎవరూ చూడరు.

గచ్చిబౌలి, గోపన్‌పల్లి, గౌలిదొడ్డి, నల్లగండ్ల వంటి పాత ఊళ్ళ వాడల్లో అద్దాల మేడల నీడనే ఇప్పటికీ నాలుగు కోళ్ళు పెంచుకునే ఇళ్ళున్నాయి. ఈ ఇళ్ళలో కోడి అంటే సరదా కాదు. నాటు గుడ్డుకు ఫారం గుడ్డు కంటే రెండింతల ధర పలుకుతున్నది. అపార్ట్‌మెంట్లవారు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోతున్నారు. ఆ డబ్బుతో కూరగాయలు, పిల్లల నోటు పుస్తకాలు, ముసలివారి బీపీ గోలీలు వస్తున్నాయి. ఆ పెట్టలు గుడ్లు మానేస్తే ఇంటికి నష్టమే.

మూడు కోళ్ళు పోయాక తెలిసింది

గోపన్‌పల్లి వైపు ఒక పాత ఇంటికి ఈ విలేఖరి వెళ్ళినప్పుడు 60 ఏళ్ళు దాటిన ఒక అవ్వ తన గోడు చెప్పుకున్నది. ఆమెకు 11 కోళ్ళుండేవి. వానకాలం నడుమ మూడు పోయాయి. "కూసున్న కోడి కూసున్నట్టే సచ్చిపోయింది బిడ్డా" అన్నది. నాలుగో కోడి కూడా వాలిపోతుంటే, చచ్చేదాకా చూడడమెందుకని కోయించింది. పేగు చీల్చి చూస్తే వండిన సేమ్యా పోసినట్లు తెల్లటి పురుగులు. కొన్ని వేలు పొడవున ఉన్నాయి. మనసొప్పక ఆ పేగులన్నీ తీసుకుపోయి పెంటకుప్పపై విసిరేసింది. మిగిలిన ఏడు కోళ్ళూ పరుగెత్తి వాటిని పొడుచుకు తిన్నాయి.

అది పెద్ద పొరపాటని ఆమెకు అప్పుడు తెలియదు. ఆ పురుగుల కడుపులో వేల గుడ్లుంటాయి. పెంటకుప్పపై పడిన ఆ గుడ్లే కొన్నాళ్ళకు మిగిలిన కోళ్ళకు రోగమై తిరిగి వస్తాయి. కోసిన కోడి పేగులో పురుగులు కనబడితే పేగులను లోతైన గుంట తీసి పూడ్చాలి, లేదా కాల్చివేయాలి. కుక్కకు గానీ కోళ్ళకు గానీ వేయరాదు.

నట్టలు ఎన్ని రకాలు?

పశువుల పేగుల్లో బతికే పురుగులను మన పల్లెల్లో నట్టలంటారు. కోళ్ళలో ముఖ్యంగా మూడు నాలుగు రకాలు కనబడతాయి.

మొదటిది ఏలికపాము. అవ్వ చూసింది ఇదే. శాస్త్రజ్ఞులు దీన్ని అస్కారిడియా గాలి అంటారు. ఆడ పురుగు 7 నుంచి 12 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. చిన్న పేగులో ఉంటూ కోడి తిన్న సారాన్ని తాను కాజేస్తుంది. ఎక్కువైతే పేగును దారపు ఉండలా మూసేసి కోడిని చంపుతుంది. మూడు నెలలలోపు పిల్లలకు దీనితో ముప్పు ఎక్కువ. ఎదిగిన కోడికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. కానీ అది బతికి తిరుగుతూనే తన రెట్టతో పురుగు గుడ్లను పెరడంతా చల్లుతుంది.

రెండవది గుడ్డి పేగులో ఉండే సన్నని పురుగు, హెటెరాకిస్. పొడవు సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్లే. కోడికి దీనితో పెద్ద హాని కనబడదు. అయితే టర్కీ కోళ్ళను చంపే నల్లతల వ్యాధి క్రిమిని ఇదే మోసుకుతిరుగుతుంది. అందుకే నాటుకోళ్ళు తిరిగిన చోట టర్కీలను పెంచవద్దంటారు.

మూడవది దారపు పురుగు, కాపిల్లేరియా. కంటికి దాదాపు ఆనదు. వీటిలో కొన్ని రకాలు వానపాముల ద్వారా కోడికి చేరతాయి.

నాలుగవది బద్దెపురుగు. రిబ్బనులా చదునుగా, తునకలు తునకలుగా ఉంటుంది. దాని తునకలు రెట్టలో బియ్యపు గింజల్లా కనబడతాయి. ఇది ఒక కోడి నుంచి మరో కోడికి నేరుగా అంటదు. రెట్టలోని దాని గుడ్లను చీమలో, పేడపురుగులో, ఈగలో తింటాయి. ఆ చీమను, పురుగును, ఈగను కోడి తింటుంది. అలా చుట్టు తిరిగి వస్తుంది.

నాటుకోడి గట్టిది, దానికి నట్టలు రావని చాలామంది అనుకుంటారు. అది భ్రమ. నేలపై గీరి తినే ఏ కోడికైనా నట్టలు వస్తాయి. రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులకూ ఇదే వర్తిస్తుంది. పైగా ఎక్కువ గుడ్లు పెట్టే జాతికి తిన్నది ఒంటబట్టడం మరింత అవసరం.

పది రోజుల లెక్క

రైతులు గుర్తుంచుకోవలసిన అసలు సంగతి ఇక్కడ ఉన్నది. ఏలికపాము గుడ్డు రెట్టతో నేల మీద పడిన రోజున ఎవరికీ హాని చేయదు. దానిలో పిల్ల తయారు కావడానికి వెచ్చదనం, తేమ ఉంటే 10 నుంచి 20 రోజులు పడుతుంది. అప్పుడు దాన్ని కోడి మింగితే పేగులో పిల్ల పురుగు బయటకు వస్తుంది. అది పేగు పొరలోకి దూరి కొన్నాళ్ళుంటుంది. కోడికి ఎక్కువ హాని జరిగేది అప్పుడే. తర్వాత పేగులోకి తిరిగి వచ్చి ఎదుగుతుంది. కోడి మింగిన 5 నుంచి 8 వారాలకు ఆ పురుగు తానూ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది.

ఈ లెక్కలోనే ఉపాయమూ ఉన్నది. రెట్టను పది రోజులలోపు, అంటే వారానికొకసారైనా ఊడ్చి తీసేస్తే, పురుగు గుడ్డు పండకముందే పెరడు దాటిపోతుంది. తీయకపోతే ఆ గుడ్డు నీడలో, తడి మట్టిలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా బతికి ఉంటుంది. దాని పెంకు చాలా గట్టిది. ఫినాయిల్ చల్లినా, సున్నం చల్లినా సులువుగా చావదు. మండుటెండ, పొడిదనం, పెంటకుప్ప లోపలి వేడి, ఈ మూడే దాని శత్రువులు.

తిరిగే చోటు తగ్గింది

మా తాతల కాలంలో ఈ మందులన్నీ ఎక్కడున్నాయి, కోళ్ళు బతకలేదా అని పెద్దలు అడుగుతుంటారు. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. జవాబు ఈ నేలలోనే ఉన్నది.

ఒకప్పుడు ఇక్కడ బండరాళ్ళు, జొన్నచేలు, మేత కంచెలు. కంచ గచ్చిబౌలి అనే పేరులోని కంచ ఆ మేత భూములకు గుర్తు. 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1998లో మాదాపూర్ వైపు సైబర్ టవర్స్ లేచింది. 2002 నాటి జాతీయ క్రీడలకు గచ్చిబౌలిలో స్టేడియం కట్టారు. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు మేడలయ్యాయి.

పూర్వం తెల్లవారి గంప ఎత్తగానే కోళ్ళు కల్లాల వెంట, చేల గట్ల వెంట పోయేవి. పది కోళ్ళ రెట్ట పది ఎకరాల్లో పడేది. ఎండకు ఎండిపోయేది. ఇప్పుడు అదే పది కోళ్ళు ఒక గుంట జాగాలో, నాలుగు గోడల నడుమ తిరుగుతున్నాయి. గేటు దాటితే కారు కిందనో కుక్క నోటనో పడతాయని బయటకు వదలరు. పక్క మేడ నీడతో ఆ జాగాకు ఎండ తగలదు. బట్టలుతికిన నీళ్ళు, బోరు నీళ్ళు పారి నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. నిన్న రెట్ట వేసిన చోటనే నేడు గింజలు ఏరుకుంటాయి. కోడి మారలేదు, పురుగు మారలేదు. నేల ఇరుకైంది. అందువల్ల తాతల కాలంలో లేనంత బెడద ఇప్పుడు కనబడుతున్నది.

ఇది మన ఊళ్ళ సంగతి మాత్రమే కాదు. ఐరోపా దేశాలలో గుడ్ల కోళ్ళను చిన్న పంజరాలలో పెట్టడాన్ని 2012 జనవరి 1 నుంచి నిషేధించారు. పంజరంలో రెట్ట తీగల సందుల నుంచి కిందికి జారిపోతుంది కనుక నట్టల బెడద తక్కువ. కోళ్ళు నేల మీదికి దిగిన ఫారాల్లో ఏలికపాముల సమస్య మళ్ళీ తలెత్తింది. దానికి మందు అక్కడా వెతుక్కోవలసి వచ్చింది. మన దేశంలోనూ 2019 పశుగణన ప్రకారం పెరటి కోళ్ళు సుమారు 31 కోట్ల 70 లక్షలు. 2012తో పోలిస్తే దాదాపు 46 శాతం పెరిగాయి. పెంపకం పెరిగిన కొద్దీ ఈ సంగతి తెలియవలసిన ఇళ్ళూ పెరిగాయి.

గుడ్లు ఆగితే అన్నీ నట్టలే కాదు

పెట్ట గుడ్లు మానేయగానే నట్టల మందు కోసం పరుగెత్తరాదు. నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుడుకు కూర్చుంటుంది. అప్పుడు గుడ్లు ఆగడం సహజం. ఏడాదికొకసారి పాత ఈకలు రాల్చి కొత్త ఈకలు వేసుకునేటప్పుడు కూడా ఆగుతాయి. చలికాలంలో పగలు తగ్గితే గుడ్లూ తగ్గుతాయి. రాత్రిపూట గూటిలో పిడుదులు పట్టి రక్తం పీలిస్తే కోడి పాలిపోతుంది. అందుకే గూటి కర్రల సందులు దీపం పట్టి చూసుకోవాలి.

రెండు మూడు రోజుల్లో కోళ్ళు వరుసగా చనిపోతే, మెడలు వంకర తిరిగితే, పచ్చగా పారితే అది కొక్కెర తెగులు కావచ్చు. రెట్టలో రక్తం పడితే పిల్లలకు వచ్చే రక్తపారుడు కావచ్చు. వీటికి నట్టల మందు పని చేయదు. వెంటనే పశువైద్యునికి చూపించాలి. కొక్కెర తెగులుకు టీకా ఒక్కటే రక్ష. కోడి నట్టలతో నీరసించి ఉంటే టీకా కూడా సరిగా పట్టదు కనుక టీకాకు వారం ముందు నట్టల మందు పోయడం మంచిది.

నట్టల రోగం నిదానంగా వస్తుంది. తింటూనే చిక్కిపోవడం, పాలిపోవడం, పలుచగా పారడం, గుడ్లు తగ్గిపోవడం, ఒక ఈడు పిల్లల్లో కొన్ని ఎదగకుండా గిడసబారిపోవడం దాని గుర్తులు.

రెట్ట పరీక్ష చేయించాలి

గుర్తులు చూసి ఊహించడం కంటే రెట్ట పరీక్ష చేయించడం మేలు. ఉదయాన్నే గూటిలో పడిన తాజా రెట్టను నాలుగైదు చోట్ల నుంచి పుల్లతో తీసి మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టుకుని పశువైద్యశాలకు తీసుకుపోవాలి. అక్కడ దాన్ని చిక్కటి ఉప్పునీటిలో కలుపుతారు. పురుగు గుడ్లు తేలికగా ఉండి పైకి తేలతాయి. పైన తేలిన దాన్ని గాజుపలకపై పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే ఏ రకం నట్టలో తెలుస్తుంది. బద్దెపురుగు తునకలు కనబడితే వాటినీ డబ్బాలో వేసుకుపోవాలి.

రకం తెలియడం ఎందుకంటే అన్ని నట్టలకూ ఒకే మందు లేదు. పిపరజీన్ అనే పాత మందు ఎదిగిన ఏలికపాములను మత్తెక్కించి బయటకు పంపుతుంది. పేగు పొరలో దాగిన పిల్ల పురుగులను ముట్టదు. బద్దెపురుగులపై అసలే పని చేయదు. ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్, లెవామిసోల్ వంటివి మరికొన్ని రకాలపైనా పని చేస్తాయి. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్, నిక్లోసమైడ్ వంటి మందులు వేరే ఉన్నాయి. ఏది, ఎంత అనేది వైద్యుడే చెప్పాలి.

గొర్రెల మందుతో గండం

మన అవ్వ మొదట చేసింది మరో పని. పక్కింటివారి గొర్రెలకు పోసిన మందు సీసాలో అడుగున కొంత మిగిలితే అడిగి తెచ్చి, మూత కొలతన కుండ నీళ్ళలో కలిపింది. ఇలా చేసేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. గొర్రెల మందుల్లో కొన్ని కార్జపు జలగల కోసం తయారైనవి. అవి కోడి పేగు పురుగులకు పనికిరావు. రెండవది కొలత. ఉదాహరణకు, కోళ్ళకనే తయారైన ఫెన్‌బెండజోల్ నీటి మందును కిలో కోడి బరువుకు రోజుకు 1 మిల్లీగ్రాము చొప్పున వరుసగా 5 రోజులివ్వడం విదేశాల్లో ఆమోదించిన పద్ధతి. కిలోన్నర తూగే 8 కోళ్ళుంటే అన్నింటికీ కలిపి రోజుకు 12 మిల్లీగ్రాములే. గొర్రెకిచ్చే గోలీ ఒక్కదానిలో ఇంతకు ఎన్నో రెట్లుంటుంది. కంటి లెక్కన, మూత లెక్కన ఇది తేలేది కాదు.

ఎక్కువైతే కోడికి ప్రమాదం. తక్కువైతే ఇంకొక నష్టం. చావకుండా మిగిలిన పురుగులు ఆ మందుకు అలవాటుపడతాయి. అమెరికాలో టర్కీ కోళ్ళలోని ఏలికపాములు ఫెన్‌బెండజోల్‌కు లొంగకుండా పోయినట్లు పరిశోధకులు ఇప్పటికే గుర్తించారు. ఊళ్ళో మందు పని చేయకుండా పోతే తర్వాత అందరికీ ఇబ్బందే.

మందు పోసే పద్ధతి

ముందు కోడిని తూచాలి. సంచిలో వేసి కూరగాయల త్రాసుకు తగిలిస్తే చాలు. అయిదారు కోళ్ళే అయితే ఒక్కొక్కదానికి నోట పోయడం మేలు. సూదిలేని సిరంజితో ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా వేయాలి. నాలుక వెనకనే గాలిగొట్టం రంధ్రం ఉంటుంది. గబాల్న పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి కోడి చనిపోతుంది. అది మింగినదాకా ఆగి మరో చుక్క వేయాలి.

కోళ్ళు ఎక్కువుంటే నీటిలో కలపవచ్చు. రాత్రి నీళ్ళ కుండ తీసేసి, తెల్లవారి దప్పిక మీదున్నప్పుడు రెండు మూడు గంటల్లో తాగేసేటంత నీటిలోనే మందు కలిపి పెట్టాలి. ఎదిగిన కోడి రోజుకు పావు లీటరు వరకు నీళ్ళు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. నీరసించిన కోడిని బలమైనవి కుండ దగ్గరకు రానివ్వవు. దానికి విడిగా పట్టాలి. కాలిపోయే ఎండలో నీళ్ళు ఆపరాదు.

మందు పోసిన తర్వాత రెండు మూడు రోజులు కోళ్ళను గూటిలోనో, గచ్చు నేల మీదనో ఉంచాలి. పురుగులు, వాటి గుడ్లు అప్పుడే బయటపడతాయి. కోళ్ళను పెరట్లోకి వదిలితే ఆ విత్తనమంతా మళ్ళీ నేలలో పడుతుంది. ఆ రోజుల రెట్టను ఊడ్చి గుంటలో వేసి మట్టి కప్పాలి. ఎదిగిన పురుగులనే చంపే మందయితే రెండు మూడు వారాలకు రెండో విడత పోయాలి. పిల్లలకు మొదటి విడత సుమారు 8 వారాల ఈడులో, ఆ తర్వాత ఎప్పుడెప్పుడు పోయాలో రెట్ట పరీక్షను బట్టి వైద్యుడు చెబుతారు. తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి పరీక్ష చేయించడం మరువరాదు.

వేపాకు, వెల్లుల్లి, బొప్పాయి పాలు వంటి ఇంటి మందులు ఊళ్ళలో వాడుకలో ఉన్నాయి. వాటితోనే నట్టలన్నీ పోతాయని నమ్మి, చిక్కిపోతున్న కోడిని అలాగే ఉంచరాదు. ఆకుకూరలు, మునగాకు పెట్టడం మాత్రం ఎప్పుడూ మంచిదే. విటమిన్ ఏ లోపించిన కోళ్ళలో నట్టలు ఎక్కువగా నిలుస్తాయి.

ఆ రోజుల గుడ్లు ఎవరికి?

మందు తిన్న కోడి పెట్టే గుడ్డులో కొన్నాళ్ళపాటు ఆ మందు అంశ ఉండవచ్చు. ఎన్ని రోజులనేది మందును బట్టి మారుతుంది. పైన చెప్పిన ఫెన్‌బెండజోల్ నీటి మందుకు ఐరోపాలోనూ, 2018 నుంచి అమెరికాలోనూ గుడ్లు పారవేయనవసరం లేదన్న ఆమోదం ఉన్నది. అదే పేరుగల పశువుల గోలీకి, గొర్రెల మందుకు ఆ మాట వర్తించదు. గుడ్ల కోళ్ళకు వాడరాదని సీసాపైనే రాసి ఉండే మందులూ ఉన్నాయి. కనుక మందు తీసుకునేటప్పుడే గుడ్లు ఎన్నాళ్ళు వాడకూడదని అడిగి, గోడ మీద తేదీ రాసుకోవాలి.

అవ్వ చివరకు పశువైద్యుని దగ్గరకు వెళ్ళి రెట్ట చూపించి మందు తెచ్చుకున్నది. గొర్రెల మందు పోసిన సంగతి దాచకుండా చెప్పింది. గుడ్లు కొన్నాళ్ళు అమ్మవద్దు, తినవద్దు అని ఆయన తేదీ రాసిచ్చారు. ఏడు కోళ్ళలో రెండు ఇంకా గుడ్లు పెడుతూనే ఉన్నాయి. రోజూ వచ్చే అపార్ట్‌మెంటువారు గేటు దగ్గర నిలబడి అడుగుతూనే ఉన్నారు. ఇంట్లోవారు కూడా ఎవరికి తెలుస్తుంది, అమ్మేయమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఆ గుడ్లన్నీ జామచెట్టు మొదట గుంట తీసి వేసింది. "వాళ్ళింట్ల గూడ పోరగాండ్లే తింటరు కద బిడ్డా" అన్నది.

నాటు గుడ్డుకు రెండింతల ధర ఇచ్చేవారు నమ్మకానికే ఇస్తున్నారు. గుడ్లలో పశువుల మందుల అంశ మోతాదు మించరాదని చట్టమూ ఉన్నది. అయితే పెరటి గుడ్డును పరీక్షించేవారు లేరు. అమ్మేవారి మాటే దానికి ముద్ర. ఇంకొక సందేహం కూడా కొందరికి ఉన్నది. అరుదుగా గుడ్డు పగలగొడితే లోపల ఏలికపాము కనబడుతుంది. అది కోడి పురుగు, మనుషులకు అంటేది కాదు. అయినా ఆ గుడ్డు పారవేసి, కోళ్ళకు వైద్యం చేయించాలి.

నేలకు వైద్యం

మందు కోడి కడుపులోని పురుగునే చంపుతుంది. నేలలోని గుడ్లను చంపదు. అందుకే మందు పోసి అదే తడి పెరట్లో వదిలితే రెండు నెలలకు కథ మొదటికి వస్తుంది. ఖర్చు లేని కొన్ని పనులు మందు కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

గూటిలో రెట్టను రోజూ, పెరట్లో కనీసం వారానికొకసారి ఊడ్చి తీయాలి. గూటి అడుగు గచ్చు చేయించుకుంటే ఊడ్వడం సులువు. మట్టి నేలయితే పైన రెండు మూడు అంగుళాలు గీరి తీసి పొడి మొరం పోయాలి. నీళ్ళు పెరట్లోకి పారకుండా కాలువ తీయాలి. కారే నల్లా బాగు చేయించాలి. కొమ్మలు నరికి ఎండ పడనివ్వాలి. గింజలు, నూకలు నేల మీద చల్లకుండా పళ్ళెంలోనో తొట్టిలోనో వేయాలి. నీళ్ళ కుండను కోళ్ళు కాలు పెట్టనంత ఎత్తులో, ఇటుకలపై ఉంచాలి.

పెరటిని తడికతో రెండుగా చేసి, ఒక భాగంలో కోళ్ళను తిప్పుతూ రెండో దాన్ని ఎండకు వదలాలి. ఎండకాలం నాలుగు నెలలు ఎండిన నేలలో పురుగు గుడ్లు చాలావరకు నశిస్తాయి. తల్లిని, పిల్లలను పెద్ద కోళ్ళు తిరిగే చోట వదలకుండా, ఊడ్చిన ఎండ జాగాలో గంప కింద ఉంచి చోటు మారుస్తుండాలి. ఊడ్చిన రెట్ట, పెంట గుంటలో వేసి పైన మట్టి కప్పాలి. లోపలి వేడికి పురుగు గుడ్లు చస్తాయి. బాగా మాగి మట్టిలా అయ్యాకనే, కోళ్ళు చేరని కూరగాయల మడులకు ఎరువుగా వేసుకోవాలి. కొత్త కోడిని అంగడి నుంచి తెస్తే రెండు వారాలైనా విడిగా ఉంచి, రెట్ట చూపించాకనే మందలో కలపాలి.

అవ్వ ఇప్పుడు ప్రతి ఆదివారం పెరడు గీరి ఊడుస్తున్నది. పెంటకుప్పను గుంటలోకి మార్చింది. మూడు వారాలకు రెండో విడత మందు పోసింది. ఒక కోడి మాత్రం తేరుకోలేక పోయింది. మిగిలిన ఆరింటి తురాయిలు ఎర్రబడ్డాయి. నాలుగు గుడ్లకు వచ్చాయి. గోడ మీద రాసుకున్న తేదీ దాటాక మళ్ళీ అమ్మకం మొదలుపెట్టింది.

గొర్రెలకు, మేకలకు పశుసంవర్ధక శాఖ ఉచితంగా నట్టల మందు పోయిస్తూ వస్తున్నది. కోళ్ళ సంగతి మాత్రం ఎవరి ఇంటిని వారికే వదిలేశారు. గొర్రెల మందు పోసే రోజుననే వాడలో కోళ్ళ రెట్ట నమూనాలు కూడా తీసుకుని, తగిన మందు, గుడ్లు వాడకూడని రోజుల చీటీ ఇస్తే మిగిలిపోయిన గొర్రెల మందు కోసం ఎవరూ పక్కింటికి వెళ్ళనవసరం ఉండదని కోళ్ళు పెంచుకునే మహిళలు కోరుతున్నారు. అధికారులు ఈ విషయమై శ్రద్ధ తీసుకోవలసి ఉన్నది. అంతవరకూ చీపురు, ఎండ ఎవరింట్లోనైనా ఉన్నవే.